నిద్ర పట్టని బండి

మా దిక్కు బొలెరో అంటే ఒక కంపెనీ బండి పేరు కాదు, ఒక జాతి పేరు. ముందు క్యాబిన్, వెనక డాలా ఉంటే చాలు. అది టాటా వాళ్లదైనా, లేలాండ్ వాళ్లదైనా, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు అయినా, ఊళ్లో అడిగే మాట ఒక్కటే: "బొలెరో మాట్లాడినవా?" నడిగడ్డలో సీడుపత్తి, వనపర్తి యార్డుకు పల్లీ, కొల్లాపూర్ తోటల నుంచి మామిడి, సంతకు మేకలు, పెండ్లికి వంటపాత్రలు, దేవరకు జనం. అన్నిటికీ అదే. 2016 అక్టోబరు 11న పాలమూరు ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ ఈ బండ్లకు ఆ గీతలు కనిపించవు. పొద్దున జూరాల కట్ట మీద ఉన్నది మధ్యాహ్నానికి బీచుపల్లి బ్రిడ్జి దాటుతుంది, రాత్రికి జడ్చర్ల చౌరస్తాలో చాయ్ దగ్గర ఆగుతుంది.

నేను ఈ లైన్లోకి వచ్చింది కరోనా పుణ్యమా అని. అంతకుముందు పదహారేళ్లు ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్పాను, దాని హాస్టల్ కూడా చూసుకున్నాను. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం సంచి ఇంటికి మోసుకొచ్చింది మా చిన్నాయన కొడుకు పాత పికప్. ఇంకో నెలకు ఆ పికప్‌నే వాయిదాల మీద కొన్నాను. డ్రైవింగ్ అంతకుముందే వచ్చు. కిరాయిలు మాట్లాడటం మాత్రం పాఠం చెప్పడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది.

ఆ పాత బండికి బ్యాటరీ ఉన్నా లేకున్నా ఒకటే. పొద్దున సెల్ఫ్ తీసుకోకపోతే చాయ్ హోటల్ ముందున్న నలుగురిని పిలిస్తే చాలు. "సార్, సెకండ్ గేర్ల పెట్టుండ్రి, మేం తోస్తం" అని వాళ్లే వచ్చేవాళ్లు. పది అడుగులు తోసి క్లచ్ వదిలితే ఒక్కసారి దగ్గి లేచేది. పల్లెటూళ్లో ఒక బండి మనదీ అనిపించేది ఆ పది అడుగుల్లోనే అని నాకొక నమ్మకం. తోసినవాడు తర్వాత తన ఎరువు బస్తా ఊరికే వేసుకోమంటాడు, అది వేరే సంగతి.

2023లో దాన్ని అమ్మి, ఫైనాన్స్ మీద కొత్తది తీసుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను. చెప్పబోయే ఇబ్బందిలో ఆ కంపెనీ తప్పు కూడా ఏమీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక ఏ కొత్త డీజిల్ బండి అయినా లోపల సగం కంప్యూటరే. ఇంజన్లోకి డీజిల్ ఎప్పుడు చిమ్మాలి, ఎంత చిమ్మాలి అనేది ఈసీయూ అనే పెట్టె నిర్ణయిస్తుంది. ఆ పెట్టెకు ముందు కరెంటు అందాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోయిందా, నలుగురు కాదు నలభై మంది తోసినా అది లేవదు. చక్రాలు తిరుగుతాయి, ఇంజను తిరుగుతుంది, డీజిల్ మాత్రం చిమ్మదు.

అందుకే ఈ బండ్లకు నిద్ర నేర్పారు. ఇక్కడ కొంచెం మాస్టరు పని చేయక తప్పదు, ఓపిక పట్టండి.

మనం తాళం తీసేసి డోర్ వేసి వెళ్లిపోగానే బండి పడుకోదు. లోపల పెట్టెలు చాలా ఉంటాయి: ఇంజనుకొకటి, లైట్లకూ లాకులకూ ఒకటి, ముందు మీటర్లకొకటి, ఫోనుతో మాట్లాడే దానికొకటి. ఇవన్నీ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటాయి. తాళం తీశాక కాసేపు తమ లెక్కలు రాసుకుని, ఒకదాని తర్వాత ఒకటి నోరు మూసుకుంటాయి. కొన్ని బండ్లలో దీనికి ఐదు నిమిషాలు చాలు, కొన్నిట్లో అరగంట దాటుతుంది. మా హాస్టల్లో పదింటికి లైట్లు తీసేశాక జరిగేది సరిగ్గా ఇదే. గుసగుసలు తగ్గుతూ తగ్గుతూ పది ముప్పావుకి హాలు మొత్తం నిశ్శబ్దం. కానీ ఒక్కడు లేచి ఒక్క మాట అన్నాడా, నలభై తలకాయలు దుప్పట్లలోంచి బయటికి వస్తాయి. బండిలోనూ అంతే. ఏ ఒక్క పెట్టె ఆ వైరు మీద పలికినా మిగతావన్నీ "ఏంది, ఏంది" అని లేస్తాయి. డోర్ తీసినా లేస్తాయి, రిమోట్ నొక్కినా లేస్తాయి. లేచాక మళ్లీ పడుకోవడానికి మొదటి నుంచి మొదలు.

నిద్రలో ఉన్న బండి బ్యాటరీ నుంచి తాగేది చాలా తక్కువ. 50 మిల్లీయాంపులు దాటకపోతే మంచిదే అంటారు. రోజుకు 24 గంటలు, అంటే 1.2 యాంపియర్-అవర్లు. 70 యాంపియర్-అవర్ల బ్యాటరీ సగం కావడానికే నెల రోజులు పడుతుంది. అదే పడుకోకుండా ఒక యాంపు తాగుతూ కూర్చుంటే రోజుకు 24. రెండు రోజులకు 48. పదో తరగతి పిల్లవాడికి రెండు మార్కుల లెక్క ఇది. మా ఎండాకాలం వేడికి బ్యాటరీ అసలే త్వరగా ముసలిదవుతుంది కాబట్టి, కాగితం మీద 70 అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు.

ఈ లెక్క నాకు బోర్డు మీద ఎప్పటి నుంచో తెలుసు. అది తోటలో ఎదురైంది కిందటి మామిడి సీజన్లో.

కొల్లాపూర్ అవతల ఒక అక్క తోట కౌలుకు పట్టింది. ఆయన పోయి రెండేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, అప్పు, నాలుగెకరాల బేనిషాన్. కోత శుక్రవారం అంటే గురువారం సాయంత్రమే బండి తోటలో పెట్టమంది. పెట్టాను. ఆ రాత్రి గాలివాన. కాయ తడిగా ఉంటే కోయరు, డాగు పడుతుంది. శుక్రవారం పోయింది. శనివారం మధ్యాహ్నం నుంచి కోసి, గడ్డి పరిచి, కాయ పేర్చి, రాత్రి తొమ్మిదింటికి డాలా నిండింది. తెల్లవారేసరికి బాటసింగారం మార్కెట్లో ఉండాలి. నాగర్‌కర్నూల్, జడ్చర్ల, అక్కడి నుంచి హైవే, ఔటర్ రింగు రోడ్డు. లోడుతో ఐదు గంటలు వేసుకోవాల్సిందే.

తాళం తిప్పితే టిక్. మళ్లీ తిప్పితే టిక్ టిక్ టిక్. మీటర్ల దగ్గర లైట్లన్నీ ఒకసారి దీపావళిలా వెలిగి ఆరిపోయాయి.

కూలీలు ఎనిమిది మంది ఉన్నారు. వద్దన్నా తోశారు. లోడు బండి, తడి నేల. ఇంచు కదిలితే పెద్ద కేక. నాకు తెలుసు అది లేవదని. కానీ వాళ్ల చేతులు ఆపడం నా వల్ల కాలేదు, ఆ అక్క కూడా చీర కొంగు నడుముకు దోపి డాలాకు భుజం పెట్టింది మరి.

ఊళ్లోకి మనిషిని పంపి ట్రాక్టర్ తెప్పించి, దాని బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేసేసరికి పన్నెండున్నర. బాటసింగారం చేరేసరికి బాగా తెల్లవారింది. మామిడి మార్కెట్లో ముందు వచ్చిన లాటుకున్న మొహం తర్వాతి లాటుకు ఉండదు. రేటు పడింది. ఎంత పడిందో ఆ అక్క లెక్క చూసుకుని ఏమీ అనలేదు. నా కిరాయిలో సగం వెనక్కి ఇస్తే తీసుకోనంది. "గాలివానను నేను తెచ్చిన్నా, బండిని నువ్వు ఆపినవా" అంది. చివరికి చిన్నపిల్ల చేతిలో పెట్టి వచ్చాను.

మరునాడు వనపర్తిలో ఒక షాపువాడు బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేశాను. పన్నెండు రోజులకు, ఒక పెండ్లి సామాను దింపి రెండు రోజులు ఇంటి ముందు ఆపితే, మళ్లీ అదే టిక్ టిక్. పన్నెండు రోజుల బ్యాటరీ ముసలిది కాదు కదా. అప్పుడు కొత్తకోట రోడ్డులో చాచా దగ్గరికి పోయాను.

చాచా నలభై ఏళ్లుగా బండ్ల వైరింగు చేస్తున్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ టెస్టింగ్ ల్యాంపు, చెవి మీద బీడీ. ఆయన కొడుకు రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన మా వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాడు. ఆ అబ్బాయి చేతిలో మీటరు. ఇద్దరికీ రోజూ గొడవే. తండ్రి ల్యాంపు పెట్టి చూస్తానంటాడు, కొడుకు "అబ్బా, కొత్త బండ్లకు ల్యాంపు పెట్టొద్దు, లోపల బోర్డు కాలుతది" అంటాడు. ఆ రోజు కొడుకు మాటే నెగ్గింది.

వాడు చేసిన పని చూసి తీరాలి. ముందు డోర్ తీసే ఉంచి, లాకు నాలుకను స్క్రూడ్రైవర్‌తో మూశాడు. బండి డోర్ పడిందనుకుంటుంది, మనకు మాత్రం లోపలికి చెయ్యి పోతుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, మధ్యలో మీటరు పెట్టాడు. పెట్టగానే నాలుగు యాంపులు. "ఇప్పుడే లేచింది సార్, పండనియ్యి" అని చాయ్ తెప్పించాడు. ఇరవై నిమిషాలు. నలభై నిమిషాలు. మీటరు 0.9 దగ్గర కూర్చుంది. మధ్యలో ఒకసారి 0.3కి దిగి మళ్లీ పైకి ఎగిరింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎగిరింది.

చాచా బీడీ తీసి చూశాడు. "ఎవడో లేపుతున్నడు బేటా."

ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతాడేమో అనుకున్నాను, మేము చదువుకున్న పద్ధతి అదే. వాడు పీకలేదు. పీకి పెడితే ఆ పెట్టె కొత్తగా లేచి అందరినీ లేపుతుందట. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న ఇనుప చుక్కలు ఉంటాయి. వాటి మీద మీటరు మొనలు ఆనించి మిల్లీవోల్టులు చూసుకుంటూ పోయాడు. కరెంటు పారే ఫ్యూజు మీదే ఆ కాస్త వోల్టేజి కనిపిస్తుంది. ఓమ్ నియమం. పదహారేళ్లు చెప్పాను, ఒక్కరోజూ ఫ్యూజు నెత్తిన చూడలేదు.

దొంగ డ్యాష్‌బోర్డు వెనక దొరికాడు. అగ్గిపెట్టెకు అన్నంత జీపీఎస్ డబ్బా. పోయిన చలికాలం సీడుపత్తి కిరాయికి పిలిచిన ఏజెంటు తన ఖర్చుతో పెట్టించింది. సీడుపత్తి మామూలు పత్తి కాదు. ఆడ మగ మొక్కలు వేరుగా పెంచి, పొద్దున్నే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది పండించే పంట. దారిలో ఒక్క బస్తా మారినా వాళ్లకు నష్టం, కాబట్టి బండి ఎక్కడుందో చూసుకోవాలన్న ఆయన ఆత్రం నాకు అర్థమవుతుంది. అయితే బిగించినవాడు దాన్ని నేరుగా బ్యాటరీ లైనుకు కలిపాడు. అంతటితో ఆగక, డీజిల్ ఎంత ఉందో కూడా ఫోన్లో కనపడాలని ఆ మాట్లాడుకునే వైర్ల జతకూ కలిపాడు. అది నిమిషానికోసారి లేచి "డీజిల్ ఎంతుంది" అని అడుగుతుంది. జవాబు చెప్పడానికి ఇల్లంతా లేస్తుంది. రాత్రంతా ఇదే.

"మా హాస్టల్లో ఇట్లాంటోడు ఒకడుండె" అన్నాను. చాచా నవ్వలేదు. "మనిషైనా అంతే గద సార్. నిద్ర పట్టకపోతే తెల్లారి పనికి రాడు" అన్నాడు.

వైరు తీసేశాక అరగంటకు మీటరు 0.04. కొడుకు ముఖంలో ఆ నలభై మిల్లీయాంపులు చూసిన ఆనందం నేను ఏ ర్యాంకు పిల్లవాడి ముఖంలోనూ చూడలేదు.

ఆ వారంలోనే మా బామ్మర్దితో మాట్లాడుతూ ఈ కథ చెప్పాను. వాడు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్. అక్కడ పోయినోళ్లందరికీ ఒకసారి పికప్ పిచ్చి పడుతుందట, వాడికి ఎఫ్-150 పట్టింది. అమెరికాలో 1977 నుంచి ఏటా ఎక్కువ అమ్ముడయ్యే పికప్ ఆ ఎఫ్ సిరీసే. ఫోటో పంపిస్తే మా ఆవిడ "అది మన ఇంటికన్నా పెద్దగుంది" అంది.

"బావా, నాది ఉల్టా" అన్నాడు వాడు. "మొన్న సెలవులకు ఊరొచ్చి పోయేసరికి మూడు వారాలైంది గదా. ఫోన్ల యాప్ తెరిస్తే డీప్ స్లీప్ అని చూపించింది. ఇక్కడికెళ్లి స్టార్ట్ చేద్దామంటే కాలేదు. మనిషి పోయి చేత్తో స్టార్ట్ చేస్తే తప్ప లేవనంది."

రెండు వారాలు ఎవరూ ముట్టుకోకపోతే అది యాప్‌తో మాట్లాడటం కూడా మానేసి మొద్దు నిద్రలోకి పోతుందట. ఇంజను ఆపి పాటలు వింటే కాసేపటికి బ్యాటరీ కాపాడటానికి సిస్టమ్ ఆపేస్తున్నానని చెప్పి ఆపేస్తుందట. బ్యాటరీ నెగటివ్ దగ్గర ఒక సెన్సార్ కూర్చుని ఎంత పోయింది, ఎంత వచ్చింది అని కిరాణా కొట్టు పద్దులాగా రాస్తుందట. అందుకే చార్జింగ్ పెట్టేటప్పుడు నెగటివ్ క్లిప్పు టెర్మినల్‌కు కాకుండా బాడీకి పెట్టాలి, లేకపోతే వచ్చిన చార్జింగ్ పద్దులోకి ఎక్కదు. ఈ ఒక్కటి చాచాకు చెబితే రెండు రోజులు అదే మాట్లాడాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఒకటే తట్టింది. వాడి బండి గ్యారేజీలో రెండు వారాలు ఒంటరిగా ఉంటుంది. మా బండ్లు రెండు గంటలు ఒంటరిగా ఉండవు. బ్యాటరీ కాపాడే ఈ తెలివంతా, రాత్రయితే యజమాని ఇంటికి పోతాడు, బండి ఒక్కటే ఉంటుంది అనే లెక్క మీద కట్టింది. బాటసింగారంలో, వనపర్తి యార్డులో, గద్వాల జిన్నింగు మిల్లుల ముందు రాత్రి పదకొండింటికి పోయి చూడండి. వరసగా నిలబడ్డ ప్రతి క్యాబిన్లో ఒక మనిషి ఉంటాడు. కాళ్లు డోర్ బయటికి చాపి పడుకుంటాడు. దోమలకు డోర్ వేస్తాడు, ఉబ్బకు మళ్లీ తీస్తాడు. ఫోన్ చార్జింగ్‌కు తాళం ఒక మెట్టు తిప్పుతాడు. నెంబరు పిలిచారేమోనని లేస్తాడు. ఆయన పొర్లిన ప్రతిసారీ బండి కూడా పొర్లుతుంది. ఆయనకు లాడ్జి అద్దె ఇచ్చే కిరాయి ఇంకా పుట్టలేదు.

డ్రైవర్లు ఎవరి తెలివి వాళ్లు పెట్టారు. కొందరు రాత్రి పది నంబరు పానాతో నెగటివ్ విప్పేస్తారు. విప్పితే మంచిదే గానీ, తాళం తీసిన వెంటనే విప్పొద్దని చాచా కొడుకు చెప్తాడు. ఈసీయూ తన లెక్కలు రాసుకునేదాకా పది నిమిషాలు ఆగాలట. కొందరు బ్యాటరీ మీదే ఒక కట్-ఆఫ్ స్విచ్ పెట్టించుకున్నారు. నేను బండి దగ్గర ఆపే చోటే ఫోన్ చార్జింగ్ మానేశాను, పవర్ బ్యాంకు కొన్నాను. చిన్న ఫ్యాన్‌కు వేరే చిన్న బ్యాటరీ ఉంది. డోర్ ఒకసారి వేస్తే తెల్లారేదాకా తీయను, కిటికీ దించి దానికి మా ఆవిడ కుట్టిన దోమతెర కడతాను. సీట్ల వెనక ఐదడుగుల జంపర్ కేబుళ్లు ఎప్పుడూ ఉంటాయి. పొద్దున తాళం తిప్పేముందు బ్యాటరీ మీద మీటరు పెట్టి చూస్తాను. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. అంతకన్నా తగ్గితే ఆ రోజు దూరపు కిరాయి ఒప్పుకోను. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేశారు. అక్కడి సెల్లు మా బండ్లలోకి వచ్చేసరికి ఈ పాఠం మారుతుందేమో. ఇప్పటికైతే ఇంతే.

అక్క ఈ ఏడు కూడా నాకే ఫోన్ చేసింది. లోడు పెట్టాను, నాలుగున్నరకే బాటసింగారంలో ఉన్నాం. రేటు మంచిదే పలికింది.

సీడుపత్తి ఏజెంటుతోనే తెగలేదు. జీపీఎస్ పెట్టనంటే కిరాయి లేదన్నాడు. పెట్టుకో, కానీ ఇంజను ఆన్ అయినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరుకు కలుపు అన్నాను. "అట్లయితే రాత్రి ఆపినప్పుడు బండి యాడుందో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. లోపల తన సొంత చిన్న బ్యాటరీ ఉండి, గంటకోసారి మాత్రం పలికే డబ్బాలు కూడా దొరుకుతాయని చాచా కొడుకు చూపించాడు. ధర కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువ ఎవరు పెట్టాలనే దగ్గర మాటలు ఆగాయి. నేను సగం పెడతానన్నాను. ఆయన ఆలోచించి, ఈ సీజన్ కిరాయిలు సగం నాకు, సగం ఐజ దగ్గరి ఇంకో బండికి ఇచ్చాడు. ఆ బండికి పాత డబ్బానే బిగించారు.

మొన్న ఆ డ్రైవరు ఫోన్ చేశాడు. నా నెంబరు ఎవరిచ్చారో మరి. "సార్, కొత్త బండి, రెండు రోజులు ఆపితే సెల్ఫ్ తీస్కుంటలేదు. బ్యాటరీ మార్చమంటున్నరు" అన్నాడు. బ్యాటరీ మార్చొద్దని చెప్పి, కొత్తకోట రోడ్డులో చాచా దుకాణం గుర్తులు చెప్పాను. మధ్యాహ్నం మూడు తర్వాత పొమ్మన్నాను, కొడుకు ఉండేది అప్పుడే.